తైపే 101 లోలకం: రెండు స్టీలు స్కేళ్ళు, గిన్నెడు ఆముదం

తైవాన్‌లోని తైపే 101 భవనం ఊపుని లోపల వేలాడే గుండు ఎలా తగ్గిస్తుందో చూడ్డానికి చిన్న నమూనా కడుతున్నాను. పోయిన ఆదివారానికి దాని ఫ్రేము నిలబడింది. 60 సెంటీమీటర్ల స్టీలు స్కేళ్ళు రెండు, అడుగున చెక్క పీట, పైన ప్లైవుడ్ ముక్క. దానికి నట్లు బిగించి అర కిలో దాకా తెచ్చాను. 2 సెంటీమీటర్లు పక్కకి లాగి వదిలితే ఊపు 2 మిల్లీమీటర్లకి తగ్గేసరికి 70 లెక్కపెట్టాను. 20 ఊపులకి 14.8 సెకన్లు, అంటే ఊపుకి 0.74.

నకలు తీస్తున్నది తైపే 101ని. 508 మీటర్ల ఆ భవనం గాలికి ఒకసారి అటూ ఇటూ ఊగడానికి దాదాపు 7 సెకన్లు తీసుకుంటుంది. ఆ ఊపుని పట్టుకోవాలంటే, పైన 92వ అంతస్తు నుంచి 87వ అంతస్తు దాకా వేలాడే 660 టన్నుల గుండు కూడా ఇంచుమించు అదే లయలో ఊగాలి. గుండంటే పోతపోసింది కాదు, 41 ఉక్కు పలకల పేర్పు. 2015 ఆగస్టులో సౌడెలర్ తుఫానుకి అది మీటరు దాకా కదిలింది.

దారం పొడవుకి సులువు లెక్క: 0.74ని 0.74తో హెచ్చించి, మళ్ళీ 25తో హెచ్చిస్తే సెంటీమీటర్లు వస్తాయి. దాదాపు 14. పాతిక గ్రాముల బోల్టుని రెండు దారాలతో 'వి' ఆకారంలో కట్టాను. ఒకే దారమైతే బొంగరంలా తిరుగుతోంది.

లాగి వదిలాను. రెండు ఊపుల్లో ఫ్రేము ఠక్కున ఆగింది! ఎగిరి గంతేసేలోపే మళ్ళీ మొదలైంది. బోల్టు తీసుకున్న ఊపుని తిరిగి ఫ్రేముకే ఇచ్చేస్తోంది. నాలుగైదు ఊపులకోసారి ఇదే తంతు. తైపేలో గుండు కింద 8 హైడ్రాలిక్ డాంపర్లు (నూనెతో ఊపుని అణిచే పరికరాలు) ఎందుకున్నాయో అప్పుడు తలకెక్కింది. గుండు ఊపుని పట్టుకుంటుంది, దాన్ని వేడిగా మార్చి తినేసేది ఆ డాంపర్లు.

బోల్టు కింద తీగకి ప్లాస్టిక్ బిళ్ళ తగిలించి, పీట మీద ఎత్తు పెట్టి నూనె గిన్నె పెట్టాను. బాగానే ఆగింది. మా అబ్బాయి చూసి, "నాన్నా, 87వ అంతస్తు పక్కన నేల ఎక్కడుంటుంది?" అన్నాడు. నోరు మూసుకుని గిన్నెని పై ప్లైవుడ్‌కే తీగలతో వేలాడదీశాను. బరువు పెరిగి ఊపు 0.8 సెకన్లకి చేరింది, దారం 16 సెంటీమీటర్లయింది. గిన్నె మార్చిన ప్రతిసారీ మళ్ళీ కొలవాల్సిందే.

వేరుశనగ నూనె మరీ పల్చన, తంతు ఆగలేదు. ఒట్టి ఆముదంలో బోల్టు బిగుసుకుపోయి ఫ్రేముతోపాటే కదిలింది. మూడు వంతుల ఆముదానికి ఒక వంతు వేరుశనగ నూనె కలిపితే కుదిరింది: 70 ఊపులు 9కి దిగాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తే 12. నూనె చిక్కబడుతోంది.

ఇక గాలి. ఉత్త స్కేళ్ళకి ఫ్యాను గాలి పెద్దగా ఆనట్లేదు, అందుకే చుట్టూ థర్మకోల్ డబ్బా కడుతున్నాను. ఒకటి నిటారు మూలలతో, ఇంకొకటి తైపేలోలా మెట్లుగా కోసిన మూలలతో. అక్కడ ఆ కోతలతోనే గాలి తాకిడి పాతిక శాతం దాకా తగ్గిందట. థర్మకోల్ కోయడానికి కొత్త బ్లేడు కొనాలి.