రెండెకరాల జీడిచెట్టు

ఏప్రిల్ కదా, మా ఊళ్ళో ఇప్పుడు ఎటు చూసినా జీడిపళ్ళ వాసనే. పొద్దున్నే ఆరు కాకుండా తోటకెళ్ళడం, రాలిన పళ్ళు ఏరడం, పిక్క మెలితిప్పి బుట్టలో వేసుకుని పండుని గట్టు మీదకి విసిరేయడం, ఇదే పని. నిన్న అమ్మతో పాటు నేనూ ఓ గంట ఏరా. పండు విసరబోతే చెయ్యి ఆగిపోయింది. డిసెంబర్‌లో బ్రెజిల్ వెళ్ళొచ్చినప్పట్నుంచీ రాద్దాం రాద్దాం అనుకుంటూ వాయిదా వేస్తున్నా, ఇంక ఈ రాత్రికి రాసేస్తున్నా.

మాది పలాస దగ్గర వజ్రపుకొత్తూరు మండలం, ఉద్దానం. నాన్నకి రెండెకరాల జీడితోట. అమ్మ పెళ్ళికి ముందు కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి వెళ్ళేది, కాల్చిన పిక్క కొట్టి పప్పు తీసే పని, జీడినూనె అంటకుండా చేతులకి బూడిద రాసుకునేదంట, అయినా వేళ్ళ చివర్లు నల్లగా పొట్టు లేచిపోయేవంట. తమ్ముడు సావో పాలోలో ఉద్యోగం చేస్తున్నాడు, మూడేళ్ళుగా రమ్మని ఒకటే గోల. వీసా, ఎల్లో ఫీవర్ టీకా (అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు, మర్చిపోకండి), అన్నీ చూసుకుని నేనూ మా ఆయనా బయల్దేరాం. అడిస్ అబాబా మీదుగా వెళ్ళాం. ఇంటి గుమ్మం నుంచి తమ్ముడి గుమ్మానికి దాదాపు రెండు రోజులు పట్టింది.

సావో పాలో గురించి ఎక్కువ రాయను, పెద్ద సిటీ, అంతే. లిబెర్దాజీ అనే పేట మాత్రం బాగా నచ్చింది, వందేళ్ళ పైనే అయింది జపాన్ వాళ్ళొచ్చి అక్కడ స్థిరపడి, మొదటి ఓడ 1908లో వచ్చిందంట, ముఖం జపాన్‌ది మాట పోర్చుగీసుది. ఒకే మెట్రో పెట్టెలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, జపాన్ ముఖాలు, మన అరకు మనుషుల్లా కనిపించేవాళ్ళు, ఎవరూ ఎవర్నీ వింతగా చూడరు. నన్నే రెండుసార్లు పోర్చుగీసులో దారి అడిగారు!

అక్కణ్ణుంచి సాల్వదోర్. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. వీధి మూల తెల్లటి గౌను, తెల్లటి తలపాగా కట్టుకున్న ఒక పెద్దావిడ మూకుడు ముందు కూర్చుని ఏదో వేయిస్తోంది, వాసన చూస్తే నాకు బాగా తెలిసిన వాసన. దగ్గరికెళ్తే ఏముంది, బొబ్బర్లు పొట్టు తీసి రుబ్బిన పిండి, ఉల్లిపాయ ముక్కలు వేసి గరిటెతో గిలకొడుతోంది. అకరజే అంటారంట. వేయించేది ఎర్రటి పామాయిల్లో, వేగాక మధ్యలోకి చీల్చి రొయ్యలు కూరి ఇస్తారు. సంక్రాంతికి అమ్మ చేసే బొబ్బర్ల వడలే కదా ఇవి అని మా ఆయన్తో అంటే ఆయన అప్పటికే రెండోది తింటున్నారు. ఇది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళతో వచ్చిన వంట. ఆ పాత పేట పేరు పెలోరిన్యో, అంటే కొరడా దెబ్బలు కొట్టడానికి కట్టేసే స్తంభం అని అర్థమంట. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో, అంటే మా తాత వాళ్ళ తాత కాలం, అంతే. రంగురంగుల ఇళ్ళు చూసి ఫోటోలు తీసుకుంటున్నదాన్ని, తమ్ముడు ఆ పేరుకి అర్థం చెప్పాక ఫోన్ బ్యాగులో పెట్టేశా.

ఇక నతాల్. అసలు కథ ఇక్కడే.

నతాల్ అంటే క్రిస్మస్, 1599లో క్రిస్మస్ రోజు పుట్టిన ఊరు కాబట్టి ఆ పేరు. ఈశాన్య బ్రెజిల్ సముద్రపొడ్డు. టాక్సీ కిటికీలోంచి చూస్తుంటే ఇసక నేల, కొబ్బరిచెట్లు, వాటి మధ్య మధ్యలో గుబురుగా జీడిచెట్లు, ఒక పెరట్లో పనసకాయలు కూడా. కొబ్బరి, జీడి, పనస. ఉద్దానం అంటే ఏంటని ఎవరైనా అడిగితే మేం చెప్పే మూడు పేర్లూ అవే! నాకు గొంతు పట్టేసింది. రెండు రోజులు ప్రయాణం చేసి, భూమికి అటువైపు దిగి, మళ్ళీ మా తోటలోకే వచ్చినట్టుంది.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు, పోర్చుగీసు ఓడలు చేసిన పని ఇదంతా. జీడిమామిడి పుట్టిల్లు ఈశాన్య బ్రెజిలే, 16వ శతాబ్దంలో వాళ్ళే మన పడమటి ఒడ్డుకి తెచ్చారు. అక్కడి తుపీ జనం దాన్ని అకజూ అనేవాళ్ళంట, పోర్చుగీసు నోట కజు అయింది, మన దగ్గరికొచ్చేసరికి కాజు అయింది. మన తెలుగువాళ్ళు మాత్రం ఆ పేరు పట్టుకోలేదు. మనకి ముందే నల్లజీడి ఉంది కదా, బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడేది, దీని పిక్కలోనూ అలాంటి జిగురు నూనే ఉంది, ఆకూ కొమ్మా చూస్తే మామిడి వరస, అందుకే జీడిమామిడి. ఎంత చక్కగా చూసి పెట్టారో ఆ పేరు! ఇక్కణ్ణుంచి అటు వెళ్ళినవీ ఉన్నాయి, మామిడి, పనస, కొబ్బరి. పనసని వాళ్ళు జాకా అంటారు, మలయాళం చక్కే అది.

నతాల్‌కి దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో పిరంజి అనే ఊరు. అక్కడుంది ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరున్న జీడిచెట్టు, 1994లో గిన్నిస్ బుక్‌లో కూడా ఎక్కింది. 1888లో ఒక జాలరి నాటాడని చెప్పుకుంటారు. అది పరుచుకున్న నేల దాదాపు 8,500 చదరపు మీటర్లు, అంటే రెండెకరాల పైన. మా తోట మొత్తం ఎంతుందో అంత, ఒక్కటే చెట్టు.

లోపలికెళ్తే చెట్టులా ఉండదు, చిన్న అడవిలా ఉంటుంది, చెక్క బాట వేశారు నడవడానికి. మామూలుగా కొమ్మ పైకి పోతుంది కదా, దీని కొమ్మలు పక్కకే పాకుతూ పోయి, బరువుకి వంగి నేలకి తగిలి, తగిలిన చోట వేరు పట్టి, అక్కణ్ణుంచి మళ్ళీ లేచి ముందుకి పోతాయి. నేను ఒకచోట కూర్చుని చూశా. నా తొడంత లావు కొమ్మ, పాములా దిగి ఇసకలో దూరింది, దూరిన చోట బెరడు ఉబ్బి చుట్టూ సన్నటి వేళ్ళు, రెండడుగులు పోయాక మళ్ళీ పైకొచ్చి చిగుళ్ళు, లేత ఎరుపు. ఏది చెట్టు ఏది కొమ్మ అన్నది తెలీదు. ఒక్క కొమ్మ మాత్రం నేల తాకి అక్కడితో ఆగిపోయిందంట, దానికి ఆ ఊరివాళ్ళు కనీస వేతనం అని పేరు పెట్టారు, పెరగదు కాబట్టి!

అక్కణ్ణుంచే నాన్నకి వీడియో కాల్ చేశా. మాకు పొద్దున్న పది, ఇక్కడ సాయంత్రం ఆరున్నర.

"ఇదేటమ్మా, మొదలేది? తోటలో నిలబడి చెట్టంటావేటి?"

"ఇదంతా ఒక్కటే చెట్టు నాన్నా."

నమ్మలేదు. ఫోన్ పట్టుకుని మొత్తం తిప్పా. నేలకి ఆనిన కొమ్మ దగ్గరికి రాగానే "ఆగు, ఆగు, అక్కడ దగ్గరగా సూపించు" అన్నారు. చూపించా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, నెట్ పోయిందేమో అనుకున్నా.

మీలో ఉద్దానం వాళ్ళుంటే వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11, తిత్లీ తుఫాను తెల్లవారుజామున మా మీద నుంచే పోయింది. మా తోటలో 120 చెట్లుండేవి, తెల్లారాక నిలబడున్నవి 18. నాన్న పడిపోయిన చెట్ల మధ్య తిరుగుతూ ఒక్కోదాని మీద చెయ్యి వేసి చూసుకున్నారు. కూలీలు రంపాలతో కోసి కట్టెల కింద పట్టుకుపోయారు, వేరే దారి లేదు, దారులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. నేలకొరిగిన చెట్టు మళ్ళీ లేవదమ్మా అని ఆ రోజు ఆయనన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అలాంటి మనిషి ఇప్పుడు ఫోన్లో, నేల మీద పడుకుని ఉన్న కొమ్మకి చిగుళ్ళు చూస్తున్నారు. చివరికి "బాగుందమ్మా" అన్నారు, అంతే, ఫోన్ అమ్మకిచ్చేశారు.

గేటు బయట దుకాణంలో జ్యూస్ తాగాం. వాళ్ళు పిక్క కంటే పండుకే ముందు విలువిస్తారు! చల్లటి జ్యూస్, పండు ముక్కలతో కూర, పాకం పట్టిన మిఠాయి, ఎండబెట్టిన పండు. కజుయీనా అని ఇంకోటుంది, రసంలో జెలటిన్ కలిపితే వగరంతా ముద్దగా విరిగి అడుక్కి పోతుంది, వడగట్టి సీసాల్లో పోసి, ఆ సీసాల్ని నీళ్ళలో నిలబెట్టి గంటలకొద్దీ ఉడికిస్తారు, తేనె రంగు వస్తుంది. గొంతులో ఆ గరగర లేదు, జీడిపండు వాసన మాత్రం అలాగే ఉంది. కమలాపండు కంటే విటమిన్ సి ఎక్కువున్న పండుని మనం గట్ల మీద పోసి ఈగలకి వదిలేస్తున్నాం. గోవావాళ్ళు ఈ పండుతో ఫెనీ అనే సారా అయినా చేసుకుంటారు. పలాసలో ఇన్ని ఫ్యాక్టరీలుండి, 80 కేజీల బస్తా రేటు కోసం ప్రతి ఏడూ రైతులు రోడ్డెక్కుతూ ఉండి, పండుకి పైసా రాకపోవడం నాకు నిజంగా బాధేస్తోంది. ఊళ్ళో పదిమంది కలిసి చిన్నగా మొదలుపెట్టినా చాలు కదా అనిపిస్తోంది, తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

సాయంత్రం బీచ్‌లో తెరచాప కట్టిన తెప్పలు చూశాం. వాటిని జంగడ అంటారు, ఆ మాట కూడా మలయాళం చంగాడం నుంచి వెళ్ళిందే. భావనపాడులో తెప్ప లాగినట్టే నలుగురూ కలిసి కేకలేసుకుంటూ, కింద దుంగలు దొర్లిస్తూ, ఇసక మీదకి లాగుతున్నారు. మా ఆయన చెప్పులు విప్పి వెళ్ళి ఒక చెయ్యేశారు.

ఇంటికొచ్చిన వారానికి ఓ పొద్దున్న నాన్న కనబడకపోతే తోటకెళ్ళి చూశా. మిగిలిన 18 చెట్లలో అన్నిటికంటే పాతదాని కింద కూర్చుని ఉన్నారు. బాగా కిందికున్న కొమ్మొకటి వంచి, అడుగు భాగాన కొంచెం బెరడు గీకి, చిన్న గొయ్యి తీసి అందులో పెట్టి, పెంట కలిపిన మట్టి కప్పి, పైకి లేవకుండా రాయి పెట్టారు. రోజూ ఓ చెంబుడు నీళ్ళు పోస్తున్నారు. ఇంకా వేరు పట్టలేదు. వచ్చిందా లేదా అని మట్టి తీసి చూస్తుంటే ఎలాగ పడతాది అని నిన్న కూడా అమ్మ కేకలేసింది.