ఒక్క బంతికి ఇన్ని టోల్‌గేట్లా!

పొద్దున నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో నాలుగు రౌండ్లు తిరిగాక మేము నలుగురం రిటైర్డ్ సార్లం గేటు బయట చాయ్ తాగుతాం. అమెరికా నుంచి వచ్చిన కాడి నుంచి నాకు అక్కడ ఒకటే ప్రశ్న. "మీ మనుమడు ఫుట్‌బాల్ ఆడుతడంట గదా సారూ, ఏ లెవెల్ల ఆడుతుండు?"

ముప్పై ఏళ్ళకు పైగా జెడ్పీ హైస్కూళ్ళలో పీఈటీగా చేసినవాణ్ణి. ఆటల గురించి అడిగితే జవాబు చెప్పలేని రోజు వస్తుందనుకోలేదు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకు ఇంట్లో ఆరు నెలలు ఉండి, వారానికి మూడు సార్లు గ్రౌండుకు పోయి, మడత కుర్చీలో కూర్చుని చూసొచ్చాను. అయినా ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. మూడు రోజులు చాయ్‌లు నా ఖాతాలోనే పోయాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన లెక్క సులువు. స్కూల్ గేమ్స్ అంటే మండలం, జోన్, జిల్లా, రాష్ట్రం, ఆపైన నేషనల్స్. అండర్-14, అండర్-17. పిల్లవాడు జిల్లాకు ఎంపికయ్యాడంటే మండలం దాటాడని ఊరంతటికీ అర్థమవుతుంది. బస్సు చార్జీలు పీఈటీ జేబులోంచి పోయేవి, బూట్లు ఒకరివి ఒకరు మార్చుకుని వేసుకునేవాళ్ళు, అది వేరే కథ. కానీ నిచ్చెన ఒక్కటే. ఎవరు ఏ మెట్టు మీదున్నారో కనపడేది.

అక్కడ నిచ్చెనలే నాలుగైదు.

మొదటి మెట్టు మాత్రం నాకు బాగా నచ్చింది. రిక్రియేషన్ అంటారు. ఏవైఎస్ఓ అనే సంస్థ 1964లో కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో ఇందుకోసమే పుట్టింది. వాళ్ళ మొదటి నియమం అందరూ ఆడాలి, ప్రతి పిల్లవాడు కనీసం సగం ఆటైనా ఆడాలి. కోచ్‌లు ఎవరో కాదు, పిల్లల తల్లిదండ్రులే, జీతం లేకుండా చేస్తారు. ఏడెనిమిదేళ్ళ దాకా నలుగురు నలుగురుగా చిన్న గ్రౌండులో, తర్వాత ఏడుగురు, పదకొండు పన్నెండేళ్ళకు తొమ్మిదిమంది, అండర్-13 నుంచి మనం ఎరిగిన పదకొండుమంది ఆట. పదేళ్ళు, అంతకు లోపు వాళ్ళు తలతో బంతి కొట్టకూడదని కూడా నియమం ఉంది. మావాడు పన్నెండేళ్ళకు మొదటిసారి హెడ్డింగ్‌కు లేచి కళ్ళు మూసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ నియమం మంచిదే. మేము గట్టిపడ్డ లెదర్ బంతిని నెత్తిన కొట్టించినవాళ్ళం, దాని ఫలితం ఎవరు లెక్కపెట్టారు?

తొమ్మిదేళ్ళ దగ్గర దారి చీలుతుంది. కాస్త బాగా ఆడే పిల్లల్ని తల్లిదండ్రులు క్లబ్బుల్లో చేరుస్తారు. జీతం తీసుకునే కోచ్‌లు, ఏడాదికోసారి ట్రయౌట్స్ అనే ఎంపికలు. ఇక అక్కడి నుంచి లీగుల పేర్లతో అక్షరమాల మొదలవుతుంది. ఎంఎల్ఎస్ నెక్స్ట్, ఈసీఎన్ఎల్, ఈసీఎన్ఎల్ ఆర్ఎల్, ఎన్‌పీఎల్. మన ట్రెజరీ ఆఫీసులో బిల్లుల మీద కూడా ఇన్ని పొడి అక్షరాలు ఉండవు.

ఇంతకుముందు పైన డీఏ అని ఒకటి ఉండేదట. ఈ మాట చాయ్ దగ్గర చెప్పగానే మా లెక్కల సారు "వాళ్ళకు గూడ డీఏనా, ఎన్ని బాకీ ఉన్నయి?" అన్నాడు. మన కరువు భత్యం కాదు, డెవలప్‌మెంట్ అకాడమీ. అమెరికా సాకర్ ఫెడరేషన్ (మన ఫుట్‌బాల్‌ను అక్కడ సాకర్ అంటారు) 2007లో మొదలుపెట్టింది. దేశం మొత్తానికి పై మెట్టు ఇదీ అని చూపించగలిగిన కాలం అది. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన వెంటనే, డబ్బుల్లేవని ఎత్తేశారు. "ఆగిపోయే గుణం ఆ పేర్లనే ఉన్నది" అన్నాడు లెక్కల సారు.

ఆ ఖాళీలోకి అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్ఎస్ అదే ఏడాది ఎంఎల్ఎస్ నెక్స్ట్ పెట్టింది. ఈసీఎన్ఎల్ అంతకుముందే, 2009లో ఆడపిల్లల కోసం మొదలై, 2017లో మగపిల్లలకూ వచ్చింది. డీఏ పోయాక చాలా క్లబ్బులు అటో ఇటో చేరాయి. ఏది గొప్ప అని అడిగితే, ఏ క్లబ్బు వాళ్ళను అడిగావన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. ఎంఎల్ఎస్ జట్ల సొంత అకాడమీలు అన్నిటికన్నా పైన అన్నదాంట్లో మాత్రం ఎవరికీ పేచీ లేదు. 2025 నుంచి ఎంఎల్ఎస్ నెక్స్ట్‌లోనే మళ్ళీ రెండు అంచెలు చేశారు. పైది హోమ్‌గ్రోన్ డివిజన్, కిందిది అకాడమీ డివిజన్. అకాడమీ అనే మాట కిందకు ఎందుకు పోయిందో నాకైతే అంతుపట్టలేదు.

అసలు తిరకాసు ఇది. చిన్న స్థానిక లీగుల్లో గెలిస్తే పై డివిజన్‌కు పోవడం, ఓడితే కిందికి రావడం చాలా చోట్ల ఉంది. పై లీగుల్లో అది లేదు. అక్కడ సీటు జట్టుది కాదు, క్లబ్బుది. లీగు వాళ్ళు ఆ క్లబ్బును చేర్చుకుంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. పక్క ఊరి చిన్న క్లబ్బు పిల్లలు వీళ్ళను పది సార్లు ఓడించినా వాళ్ళకు ఆ లీగు తలుపు తెరుచుకోదు. మన దగ్గర చిట్యాల స్కూలు నల్లగొండ స్కూలును ఓడిస్తే చిట్యాలే జిల్లాకు పోతుంది గదా. ఈ ఒక్క విషయం అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పైగా ఒకే క్లబ్బులో, ఒకే వయసుకు, ఒకే రంగు జెర్సీతో మూడు జట్లు. మొదటి జట్టు ఈసీఎన్ఎల్, రెండోది దాని కింది రీజనల్ లీగు, మూడోది ఊళ్ళో లీగు. గుడి పార్కింగులో "మావాడు ఫలానా క్లబ్బు" అంటారు మనవాళ్ళు. ఏ జట్టు అని ఎదుటివాళ్ళు అడిగేసరికి ఫోన్ వచ్చినట్టు పక్కకు పోతారు. నేను కళ్ళారా చూశాను.

డబ్బు సంగతి. పంతంగి టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ మోగినట్టు అక్కడ ప్రతి మెట్టు దగ్గరా మోగుతూనే ఉంటుంది. మావాడికి క్లబ్బు ఫీజు ఏడాదికి మూడు వేల డాలర్లు దాటింది. జెర్సీలు వేరే. టోర్నమెంట్లకు పోతే హోటలు, పెట్రోలు వేరే. మన రూపాయల్లోకి మార్చి చెప్పొద్దని కొడుకు అన్నాడు. మార్చకుండా ఎలా ఉంటాం? ఎంఎల్ఎస్ జట్ల అకాడమీల్లో మాత్రం సాధారణంగా ఫీజు ఉండదు. అంటే బాగా పైకి పోయినవాడికి ఉచితం, పైకి పోవడానికి పాకులాడేవాడికి రుసుం. క్లింట్ డెంప్సీ అని అమెరికాకు మూడు వరల్డ్ కప్‌లలో గోల్స్ కొట్టి, మూడోదానిలో కెప్టెన్‌గా కూడా చేసినాయన ఉన్నాడు. టెక్సాస్‌లోనే నాకడోషస్ అనే చిన్న ఊరు. ప్రాక్టీసు కోసం తల్లిదండ్రులు మూడు గంటలు కారు నడిపి డల్లాస్ తెచ్చేవాళ్ళు. ఆ పెట్రోలు పోయలేని ఇళ్ళలో ఎంతమంది డెంప్సీలు మిగిలిపోయారో.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మావాడు పదేళ్ళు వచ్చేదాకా ఇంటి దగ్గరి చిన్న క్లబ్బులో ఆడాడు. మిడ్‌ఫీల్డ్‌లో నడుమ నిలబడి చక్కగా బంతి పంచేవాడని వీడియోల్లో చూశాను. తర్వాత పెద్ద క్లబ్బుకు మారాడు. నేను పోయిన కొత్తలో, వేసవి మొదట్లో, అండర్-13 ట్రయౌట్స్ అయ్యాయి. ఆ వయసు దగ్గరే పెద్ద లీగులు మొదలవుతాయి కనుక ఇళ్ళల్లో టెన్త్ పరీక్షలంత టెన్షన్. మొదటి జట్టులో చోటు దొరికింది. కోడలు ఆ రాత్రి బొబ్బట్లు చేసింది. కోచ్ పాత్‌వే, పాత్‌వే అని, అంటే పైకి పోయే దారి అని, పదిసార్లు అన్నాడు. ఎన్ని నిమిషాలు ఆడిస్తాడన్న దాని గురించి ఒక్కసారీ అనలేదు. మేమూ అడగలేదు.

ఆగస్టు చివర్లో ఆటలు మొదలయ్యాయి. నాకు రిజిస్టరు రాసే రోగం ఉంది, రిటైరైనా పోలేదు. కుర్చీలో కూర్చుని మావాడు ఎప్పుడు దిగాడు, ఎప్పుడు బయటికొచ్చాడు రాశాను. మ్యాచ్ డెబ్బై నిమిషాలు. మొదటిది 22. తర్వాత 18. మూడోది సున్నా. తర్వాత 31, 23. ఐదు మ్యాచ్‌ల మూడువందల యాభై నిమిషాల్లో మావాడివి తొంభై నాలుగు. రెండోసారి దిగినప్పుడు బంతి తగలగానే ఎవరికో ఒకరికి ఇచ్చేసి వదిలించుకుంటున్నాడు. వీడియోల్లో చూసిన పిల్లవాడు వీడు కాదు. తప్పు చేస్తే మళ్ళీ బయట కూర్చోబెడతారని భయం. ఆ భయం నేను చాలామంది పిల్లల్లో చూశాను.

ఇంకో ముడి వాడి పుట్టినరోజు. వాడు 2013 సెప్టెంబర్. అక్కడ జనవరి నుంచి డిసెంబర్ దాకా పుట్టినవాళ్ళు ఒక జట్టు. అంటే జనవరిలో పుట్టి మీసం మొలుస్తున్నవాడితో వీడు భుజం కలపాలి. ఆ జట్టులో ఎక్కువమంది ఏడో తరగతి, వీడు ఆరో తరగతి. వీళ్ళను ట్రాప్డ్ ప్లేయర్లు, అంటే ఇరుక్కుపోయినవాళ్ళు అంటారు. రెండేళ్ళాగి జట్టు పిల్లలు హైస్కూలుకు పోయాక వీళ్ళు ఎనిమిదో తరగతిలో మిగిలిపోతారు. మన దగ్గర బోనఫైడ్ చేతిలో పట్టుకుని, ఈ పిల్లవాడు నిజంగా అండర్-14 ఏనా అని గడ్డం వైపు చూసిన సందర్భాలు నాకెన్నో. అక్కడ సర్టిఫికెట్ నిజమే, తేదీయే శత్రువు.

అదిప్పుడు మారుతోంది. 2026–27 సీజన్ నుంచి అక్కడ పిల్లల ఆట నడిపే యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్ఓ మూడు సంస్థలూ ఆగస్టు 1 నుంచి జులై 31 లెక్కకు మారుతున్నాయి, బడి తరగతులకు దగ్గరగా. దాంతో మావాడు మళ్ళీ అండర్-13 ఆడతాడు, ఈసారి జట్టులో పెద్దవాళ్ళలో ఒకడిగా. ఒక గీత జరిపితే నిరుటి చిన్నోడు ఈయేడు పెద్దోడు.

పైన ఏముందో త్వరగా చెప్పేస్తాను. ఎంఎల్ఎస్ నెక్స్ట్ పై అంచెలో ఆడేవాళ్ళు సాధారణంగా హైస్కూలు జట్టుకు ఆడరు, మిగతా లీగులు చాలావరకు ఆడనిస్తాయి. టెక్సాస్‌లో హైస్కూలు సాకర్ జనవరి నుంచి ఏప్రిల్ దాకా. తర్వాత కాలేజీ. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి అయిపోయిన జూన్ 15 దాకా పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు. అందరూ కలలుగనే స్కాలర్‌షిప్‌లు మొన్నటిదాకా మగపిల్లల జట్టు మొత్తానికి 9.9 మాత్రమే, వాటిని ముక్కలు చేసి పంచేవాళ్ళు. డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. చాలా బాగా ఆడేవాళ్ళు అకాడమీ నుంచి 2022లో మొదలైన ఎంఎల్ఎస్ నెక్స్ట్ ప్రోకు, అక్కడి నుంచి ఎంఎల్ఎస్‌కు. మరీ గొప్పవాళ్ళు యూరప్‌కు. పెన్సిల్వేనియాలోని హెర్షీ పిల్లవాడు పులిసిక్ పదహారేళ్ళకే జర్మనీలో డోర్ట్‌మండ్‌కు పోగలిగాడు. బయటి దేశాల పిల్లలకు మామూలుగా పద్దెనిమిది నిండాలి. వాళ్ళ తాత యూరప్‌లోని క్రొయేషియాలో పుట్టినందువల్ల ఆ దేశం పాస్‌పోర్ట్ దొరికింది. ఇది విన్నాక మావాడు "తాతా, నీ పాస్‌పోర్ట్ దేనికి పనికొస్తది?" అని అడిగాడు. సీసా ఉసిరికాయ పచ్చడి తేవడానికిరా అన్నాను.

సెప్టెంబర్ చివర్లో రెండో జట్టు కోచ్ వచ్చి, మా దగ్గరికి పంపండి, ప్రతి మ్యాచ్‌లో మొదటి నుంచి ఆడిస్తానన్నాడు. కొడుకు ఒప్పుకోలేదు. ఆ రాత్రి మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"నాయినా, ఒక్కసారి కిందికి పోతే మళ్ళీ రానియ్యరు. నీకిక్కడి సంగతి తెల్వది."

"సంగతి తెల్వది గానీ రాత తెలుసు. ఇగో, చూడు" అని రిజిస్టరు ముందర పెట్టాను. చూడకుండానే లేచి పోయాడు. కోడలు చూసింది. పేజీ ఫోటో కూడా తీసుకుంది. రహీం సాబ్ మన హైదరాబాద్ వాడే, బడి మాస్టారే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కోచ్‌గా ఇండియా ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాకా తీసుకుపోయాడని చెబుదామనుకున్నాను. ఆ కోపంలో అది ఎవరికి కావాలి?

అక్టోబర్‌లో నేను వచ్చేశాను. వచ్చేరోజు కూడా ఆ మాట తేలలేదు. దీపావళికి ఫోన్ చేస్తే కూడా ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

నవంబర్ నడుమ ఒక ఆదివారం పొద్దున, చాయ్ దగ్గర ఉండగానే వీడియో కాల్ వచ్చింది. అక్కడ శనివారం రాత్రి. మావాడి మోకాలికి గడ్డి మరకలు, వెనక కోడలు అన్నం పెడుతోంది.

"తాతా, నేను రెండో టీమ్‌కు వచ్చిన."

"మీ డాడీ ఏమన్నడు?"

"ఏమన్లే. డ్రైవ్ చేసిండు."

"ఈ రోజు ఎన్ని నిమిషాలు?"

"డెబ్బై."

"మొత్తమా?"

"మొత్తం. ఓడిపోయినం గానీ."

జేబులో రిజిస్టరు లేదు. లెక్కల సారు దగ్గర పెన్ను తీసుకుని చాయ్ కప్పు కింద పెట్టిన పేపరు ముక్క మీద రాసుకున్నాను.