ఎమ్మారైలో ఎడమ పక్క

మాది నల్లగొండ. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. రెండేళ్ల కింద నా తల దానంతట అదే కుడివైపు తిరగడం మొదలైంది. సూదిలో దారం ఎక్కించేలోపే ముఖం గోడవైపు పోయేది. గదువకు రెండు వేళ్లు ఆనిస్తే నిలిచేది. ఒక చెయ్యి గదువకే పోతే బట్ట ఎట్లా పట్టాలి? మెడ పట్టిందనుకుని మా అత్తమ్మ రోజూ కుడి పక్క నూనెతో రుద్దింది.

ఒకచోట ఎమ్మారై తీసి, ఎముకలు, డిస్కులు బాగున్నాయి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఆ మాటకు చాలా రోజులు ఏడ్చాను.

హైదరాబాద్‌లో న్యూరాలజీ డాక్టరు నన్ను కూర్చోబెట్టి, నడిపించి, మెడ తడిమి చూసి సర్వైకల్ డిస్టోనియా అన్నారు. మెదడు నుంచి వచ్చే సంకేతాలు గతి తప్పి మెడ కండరాలు బిగుసుకుపోయే జబ్బు. ఎమ్మారైతో ఇది తేలదు, వేరే కారణం లేదని చూసుకోవడానికే తీస్తారట. కండరాల తేడా కూడా చూద్దామని పాత సీడీ పెట్టారు. తల కదలడంతో బొమ్మలన్నీ మసక.

మళ్లీ తీయించాం. పుస్తెలతాడు, పిన్నులు తీసేశాను, మెట్టెలు సబ్బు రాస్తేగానీ రాలేదు. లోపల గదువకు చెయ్యి ఆనించే వీలు లేదు, నా భయమంతా అదే. టెక్నీషియన్ తమ్ముడు తలకు రెండు పక్కలా స్పాంజీ ముక్కలు ఇరికించి, "అక్కా, శబ్దం వస్తున్నప్పుడు గుటక మింగకు" అన్నాడు. పిండిగిర్నీలో తల పెట్టినట్టు మోత. ఆగినప్పుడల్లా మింగుకున్నాను.

స్క్రీన్ మీద మెడను అడ్డంగా కోసినట్టు బొమ్మ. చెవి వెనక నుంచి ఛాతీ ఎముకకు దిగే కండరం ఎడమ పక్కన బాగా లావుగా ఉంది. తలను కుడికి తిప్పేది ఎడమ పక్కనున్న ఆ కండరమూ, కుడి పక్క వెనక కండరమూ కలిసేనట. అత్తమ్మ నా ఎడమ మెడ మీద చెయ్యి వేసి, "అయ్యో బిడ్డా, ఈ పక్క నేను ముట్టనే లేదు గదా" అంది.

ఆ రెండు కండరాల్లో బిగుతు వదిలించే మందు, బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కండరం లావుగా కనిపించినంత మాత్రాన చాలదని, సూది పెట్టేటప్పుడు ఈఎంజీ మిషన్‌లో కండరం చప్పుడు కూడా విన్నారు, రేకుల మీద చినుకులు పడ్డట్టు చిటపట. వారం దాటాక మెడ వదులైంది. కొన్నాళ్లు గుటక కష్టమై మెత్తటి అన్నమే తిన్నాను. మందు పని మూడు నెలలే, వచ్చే నెల మళ్లీ పోవాలి. సీడీ బీరువాలో చీరల కింద పెట్టుకున్నాను.