వ్యూ చదవడం వచ్చాకే గట్టెక్కాను: క్యామెల్–జేగ్రూప్స్ ప్రాక్టికల్ అనుభవాలు

గురువారం సాయంత్రం ఫలితం వచ్చింది. సీనియర్ ఇంటిగ్రేషన్ డెవలపర్ హోదా కోసం మా సంస్థ పెట్టే ప్రాక్టికల్ పరీక్షలో, రెండో ప్రయత్నంలో, నేను ఉత్తీర్ణుడినయ్యాను. కావలిలో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని, పగలు ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారుజామున చదువుకుంటూ ఎనిమిది నెలలు దీని మీదే గడిపాను కాబట్టి ఈ సంతోషాన్ని దాచుకోవాలని అనిపించడం లేదు. మొదటిసారి తప్పినప్పుడు ఇలాంటి అనుభవం ఎవరైనా రాసి పెట్టి ఉంటే బాగుండునని ఎంతో వెతికాను. వచ్చే విడతలో కూర్చోబోయే మీకోసం ఇప్పుడు నేనే రాస్తున్నాను.

పేపర్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఆబ్జెక్టివ్ భాగానికి రూటింగ్ ప్యాటర్న్స్ అన్నీ ఒకసారి చేత్తో రాసి చూసుకుంటే సరిపోతుంది. రెండో భాగంలో అడిగే స్ప్లిటర్ (మెసేజ్‌ను ముక్కలు చేసేది), అగ్రిగేటర్ (ముక్కలను కలిపేది), ఎర్రర్ హ్యాండ్లర్ లెక్కలు మన రోజువారీ పనిలో ఉన్నవే. మార్కులు పోయేది మూడో భాగంలో. మూడు మెషిన్లు ఇస్తారు. అపాచీ క్యామెల్ అంటే వేర్వేరు సాఫ్ట్‌వేర్‌ల మధ్య మెసేజీలను నడిపే ఫ్రేమ్‌వర్క్, అందులో ఒక్కో దారిని రూట్ అంటారు. జేగ్రూప్స్ అంటే వేర్వేరు మెషిన్ల మీది ప్రాసెస్‌లను ఒక గుంపుగా, అంటే క్లస్టర్‌గా, కలిపి ఉంచే లైబ్రరీ. క్యామెల్ రూట్లను జేగ్రూప్స్ క్లస్టర్‌కు కలిపి, టేబుల్‌లోంచి ఇండెంట్లు (సరుకు కోరే అర్జీలు) చదివి లెడ్జర్‌లో రాసే రూట్ ఎప్పుడూ ఒక్క మెషిన్ మీదే నడిచేలా చేయమంటారు. ఆ తరువాత పరీక్షకుడు ముందుగా ఒక ప్రాసెస్‌ను కిల్ చేస్తాడు. రెండోసారి క్లస్టర్ నెట్‌వర్క్‌ను తెంపి, కాసేపాగి మళ్ళీ కలుపుతాడు. చివరికి లెడ్జర్ టేబుల్‌లో వరుసలు లెక్కపెడతాడు. ఒక్క వరుస రెండుసార్లు ఎక్కినా ఆ భాగానికి సున్నా.

మొదటి ప్రయత్నంలో నేను చేసిందేమిటో దాచకుండా చెబుతాను. జేగ్రూప్స్ కాంపొనెంట్ డాక్యుమెంటేషన్‌లో మాస్టర్ రూట్‌ను (ఒక్క మెషిన్ మీదే నడవాల్సిన రూట్‌ను) మొదలుపెట్టడానికి ఒక ఉదాహరణ ఉంటుంది, దాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాను. వ్యూ అంటే ఆ క్షణాన క్లస్టర్‌లో ఎవరెవరున్నారో చెప్పే జాబితా. సభ్యులు మారినప్పుడల్లా వచ్చే ఆ వ్యూ మెసేజీలు అందాలని ఎనేబుల్ వ్యూ మెసేజెస్ ఆప్షన్‌ను ట్రూ చేశాను, ఎందుకంటే అది పెట్టకపోతే ఆ ఎండ్‌పాయింట్‌కు (రూట్ మెసేజీలు అందుకునే చోటుకు) మామూలు మెసేజీలు మాత్రమే వస్తాయి. కోఆర్డినేటర్ (గుంపుకు పెద్ద) కాని నోడ్‌కు, అంటే క్లస్టర్ సభ్యుడికి, వచ్చిన వ్యూలను వదిలేసే ఫిల్టర్ వేశాను. వ్యూ తెచ్చిన థ్రెడ్‌ను పట్టుకుని కూర్చోకుండా, మిగతా పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించే థ్రెడ్స్ అనే స్టెప్ పెట్టాను. రూట్లన్నిటినీ నడిపే క్యామెల్ కాంటెక్స్ట్ ఇంకా లేవకముందే వ్యూ వచ్చేస్తుంది కనుక దాని కోసం డిలే పెట్టాను. చివర కంట్రోల్ బస్ (రూట్లను మొదలుపెట్టడానికి, ఆపడానికి క్యామెల్ ఇచ్చే మార్గం) ద్వారా మాస్టర్ రూట్‌కు స్టార్ట్ ఆజ్ఞ పంపాను. పరీక్షకుడు ప్రాసెస్‌ను కిల్ చేసిన రెండు మూడు సెకన్లకే పక్క మెషిన్ పని అందుకుంది. నేను పాసైపోయాననే అనుకున్నాను. నెట్‌వర్క్ తెంపి కలిపిన తరువాత మాత్రం లెడ్జర్‌లో వరుసలు ఎక్కువ వచ్చాయి, ఎందుకు వచ్చాయో మిగిలిన నలభై నిమిషాల్లో నాకు అంతుపట్టలేదు.

ఇంటికి వచ్చాక నెల రోజులు దాని జోలికి పోలేదు. ఆ తరువాత మూడు పాత ల్యాప్‌టాప్‌లు సమకూర్చుకుని, రెండు చవక స్విచ్‌లు కొని, ఒకటి మేడ మీద, ఇంకొకటి కింద హాల్లో పెట్టి, రెంటినీ ఒకే ఒక్క నెట్‌వర్క్ కేబుల్‌తో కలిపాను. స్విచ్‌లు రెండెందుకని మీరు అడగవచ్చు. ల్యాప్‌టాప్‌కు తగిలించిన కేబుల్ పీకితే దాని నెట్‌వర్క్ కార్డే డౌన్ అయిపోతుంది, అది వేరే సమస్య. రెండు స్విచ్‌ల మధ్య కేబుల్ పీకితే మాత్రం ప్రతి మెషిన్‌కూ తన నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు కనిపిస్తూ, అవతలివాళ్ళే మాయమైనట్టు ఉంటుంది. పరీక్షలో ఎదురయ్యేది సరిగ్గా ఇదే. డేటాబేస్ మాత్రం వైఫై మీద అందరికీ అందేలా ఉంచి, జేగ్రూప్స్ బైండ్ అడ్రస్‌ను (ఏ నెట్‌వర్క్ వైపు మాట్లాడాలో చెప్పే సెట్టింగ్‌ను) కేబుల్ వైపు ఉన్న ఐపీకి కట్టేశాను. ఈ బైండ్ అడ్రస్ సంగతి తెలియక మొదటి వారమంతా ఏ నోడ్‌కు ఆ నోడ్ ఒంటరిగా ‘నేనే కోఆర్డినేటర్’ అనుకుంటూ కూర్చుంది. మల్టీకాస్ట్ (గుంపులో అందరికీ ఒకేసారి వెళ్ళే) ప్యాకెట్లు వీపీఎన్ ఇంటర్‌ఫేస్ వైపు పోతున్నాయని తరువాత తెలిసింది. పరీక్ష మెషిన్లలో మల్టీకాస్ట్ ఉండదని మీకు తెలుసు, కాబట్టి టీసీపీ స్టాక్ (ఒకదానిపై ఒకటి పేర్చిన ప్రోటోకాల్‌ల వరుస), సభ్యులను వెతికే టీసీపీ పింగ్, దాని ఇనిషియల్ హోస్ట్‌లలో మూడు అడ్రస్‌లు, పోర్ట్ 7800 అని పెట్టి, ఆ ఫైలును ఛానెల్ ప్రాపర్టీస్ ద్వారా ఎండ్‌పాయింట్‌కు చూపించడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి.

నోడ్‌లకు మా రైలు మార్గంలోని స్టేషన్ల పేర్లు పెట్టుకున్నాను: కావలి, ఉలవపాడు, సింగరాయకొండ. ఛానెల్‌కు (క్లస్టర్‌తో నోడ్‌కున్న కనెక్షన్‌కు) మనం పేరు పెట్టకపోతే జేగ్రూప్స్ హోస్ట్ పేరుకు ఒక అంకె తగిలిస్తుంది, లాగ్‌లో ఏది ఏదో తెలియక కళ్ళు నొప్పులు పుడతాయి. మూడూ లేచాక లాగ్‌లో ఇలా పడింది: [కావలి|2] (3) [కావలి, ఉలవపాడు, సింగరాయకొండ]. ఈ ఒక్క వరుసను చదవడం రాకుండానే నేను మొదటిసారి పరీక్షకు వెళ్ళాను. నిలువు గీతకు ముందున్న పేరు ఈ వ్యూను తయారుచేసిన కోఆర్డినేటర్‌ది. గీత తరువాత 2 అంటే సున్నా నుంచి లెక్కపెడితే ఇది మూడో వ్యూ అని, ఒక్కొక్కరు చేరినప్పుడల్లా ఒకటి చొప్పున పెరిగింది. కుండలీకరణంలోని 3 సభ్యుల సంఖ్య. జాబితాలో మొట్టమొదట ఉన్నవాడే కోఆర్డినేటర్. మనం వేసే ఫిల్టర్ చేసేది కూడా ఇంతే: వ్యూలోని మొదటి సభ్యుడి అడ్రస్‌ను, హెడర్‌లో వచ్చే మన ఛానెల్ అడ్రస్‌తో పోల్చి చూస్తుంది.

అభ్యాసానికి డేటా కావాలి కదా, మా నాన్నగారి రొయ్యల గుంటల మేత లెక్కల్నే ఇండెంట్లుగా ఎక్కించాను. గుంట నంబరు, తేదీ, ఆ రోజు ఎన్నో మేత, ఎన్ని కిలోలు, అంతే. నేను మేడ మీద లాగ్ చూస్తూ ఉంటే, మా చెల్లెలు కింద హాల్లో స్విచ్ దగ్గర కూర్చుని, “పీకేశానన్నా, చూసుకో” అని కేక వేసేది. ప్రాసెస్‌ను కిల్ చేసినప్పుడు వెంటనే తెలిసే మార్పు, కేబుల్ పీకినప్పుడు చాలాసేపటికి గాని రాకపోవడం మొదట ఆశ్చర్యం కలిగించింది. కారణం ప్రోటోకాల్ స్టాక్‌లోనే ఉంది. ఎఫ్‌డీ సాక్ అనేది పక్క సభ్యుడికి తెరిచి ఉంచిన సాకెట్ మూతపడితే గుర్తిస్తుంది, ప్రాసెస్ చచ్చిపోతే ఆపరేటింగ్ సిస్టమే ఆ సాకెట్‌ను మూసేస్తుంది కాబట్టి కబురు క్షణాల్లో అందుతుంది. కేబుల్ తెగితే సాకెట్‌ను మూసేవారెవరూ ఉండరు. అప్పుడు హార్ట్‌బీట్‌లు (బతికే ఉన్నామని సభ్యులు పంపుకునే సంకేతాలు) ఆగాయని ఎఫ్‌డీ ఆల్ గమనించి, తన గడువు తీరాక అనుమానించాల్సిందే. ఈ రెండూ స్టాక్‌లో ఎందుకు పక్కపక్కనే ఉంటాయో అప్పుడు అర్థమైంది.

గడువు తీరాక రెండు వైపులా రెండు వ్యూలు పడ్డాయి. మేడ మీద [కావలి|3] (1) [కావలి]. కింద [ఉలవపాడు|3] (2) [ఉలవపాడు, సింగరాయకొండ]. అంటే కోఆర్డినేటర్లు ఇద్దరు, మాస్టర్ రూట్లు రెండు. కేబుల్ తిరిగి తగిలించాక మెర్జ్ 3 ప్రోటోకాల్ రెండు ముక్కలను పసిగట్టి కలిపింది. జేగ్రూప్స్‌తో వచ్చే నమూనా ఫైళ్ళ ప్రకారం అది 10 నుంచి 30 సెకన్ల మధ్య విరామాలతో వెతుకుతుంది కాబట్టి కంగారు పడకుండా ఆగాలి. కలిశాక వచ్చిన మెర్జ్ వ్యూలో మొదటి పేరు ఉలవపాడు. కావలి రెండో స్థానానికి దిగిపోయింది. ముక్కల కోఆర్డినేటర్లను అడ్రస్‌ల వరుసను బట్టి అమరుస్తుంది తప్ప, ఎవరు ముందు నుంచి ఉన్నారన్న లెక్క అక్కడ ఉండదు.

ఆ సాయంత్రం లెడ్జర్ ప్రింటు బల్ల మీద పడి ఉంటే నాన్నగారు తీసి చూసి, “ఇదేందిరా, రెండో గుంటకి ఒక మేత రెండుసార్లు ఎక్కుండాదే? కేబుల్ పెట్టేసినాక గూడా ఎక్కతానే ఉండాదే?” అన్నారు. ప్రింటులో టైమ్ చూశాను. ఆయన అన్నది నిజం. తెగి ఉన్నప్పుడు రెట్టింపు అవడం నేను ఊహించినదే. కలిసిపోయాక కూడా రెట్టింపు అవుతూనే ఉందన్నది నేను గమనించని విషయం. అక్కడే నా తప్పు దొరికింది. పదవి వచ్చినవాడికి కబురు పంపే ఫిల్టర్ వేశాను గాని, పదవి పోయినవాడికి చెప్పే ఏర్పాటే చేయలేదు. కోఆర్డినేటర్ కాని వ్యూను ఆ ఫిల్టర్ పారేస్తుంది కాబట్టి, తాను దిగిపోయిన సంగతి కావలి నోడ్‌లోని మాస్టర్ రూట్‌కు ఎన్నటికీ తెలియదు. అది అలా నడుస్తూనే ఉంటుంది.

సరిచేయడం పది నిమిషాల పని. ఫిల్టర్ తీసేసి చాయిస్ (షరతును బట్టి దారి ఎంచుకునేది) పెట్టాను. మొదటి సభ్యుడు నేనే అయితే స్టార్ట్, కాకపోతే స్టాప్, రెండూ కంట్రోల్ బస్‌కు అసింక్‌గానే (పని ముగిసేదాకా ఆగకుండా), ఎందుకంటే స్టాప్ చేతిలో ఉన్న పనులు ముగిసేదాకా ఆగుతుంది. క్యామెల్ 3 నుంచి ఆ గడువు 45 సెకన్లు, అంతసేపు వేరే వ్యూను ఆపి ఉంచకూడదు. ఇప్పటికే నడుస్తున్న రూట్‌కు మళ్ళీ స్టార్ట్ పంపినా నష్టం లేదు. తెగి ఉన్న సమయంలో వచ్చే రెట్టింపుకు మాత్రం వ్యూ సహాయం చేయలేదు, దానికి ఐడెంపొటెంట్ కన్స్యూమర్ (ఒకసారి వచ్చిన మెసేజే మళ్ళీ వస్తే వదిలేసేది) కావాలి. గుంట, తేదీ, మేత నంబరు కలిపిన కీతో డేటాబేస్‌లో రిపాజిటరీ (ఇంతవరకు వచ్చిన కీలను గుర్తుంచుకునే టేబుల్) పెట్టి, ఆ టేబుల్ మీద యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే కీని రెండోసారి ఎక్కనివ్వని షరతు) తప్పకుండా వేయండి. అది లేకపోతే ఒకే క్షణంలో వచ్చిన ఇద్దరూ ‘ఇది కొత్తదే’ అనుకుని లోపలికి పోతారు.

మొదటిసారి నేను తప్పింది తెలివి లేక కాదని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను. కిల్ పరీక్ష నెగ్గగానే చదువు అయిపోయిందనుకోవడం నా పొరపాటు. ఊళ్ళో ఉంటే ఇలాంటివి రావు, బెంగళూరు వెళ్ళి ఏదైనా కోచింగ్‌లో చేరమని చాలామంది చెప్పారు. నాకు కావలసింది రెండు స్విచ్‌లు, ఒక కేబుల్, రోజూ ఉదయం ఐదు నుంచి ఏడు దాకా ఎవరూ కదిలించని రెండు గంటలు. అవి కావలిలోనే దొరికాయి. ఈ రెండో విడత తయారీలో ఒక్క రోజు కూడా మానలేదు. జ్వరం వచ్చినరోజు లాగ్ చూడలేకపోతే పాత వ్యూలను నోట్‌బుక్‌లో చేత్తో రాసుకున్నాను. ఇంకొకరి కోడ్ చదివి తల ఊపడం చదువు కాదు, మిత్రులారా. మీ చేత్తో తెంపి, మీ కళ్ళతో చూడాలి. రోజుకు ఒక్కసారి తెంపినా చాలు, రోజూ తెంపండి.

ఆబ్జెక్టివ్‌లో తరచుగా తప్పుపోయే ఒక చిన్న విషయం కూడా చెప్పాలి. గ్రూప్‌కు పంపిన మెసేజ్, మనం మార్చకపోతే, పంపినవాడికీ తిరిగి వస్తుంది. ఒకే క్లస్టర్ నుంచి చదివి అదే క్లస్టర్‌కు పంపే రూట్ రాస్తే అంతులేని చక్రం తిరుగుతుంది. సోర్స్ హెడర్‌ను (పంపినవాడి అడ్రస్‌ను) మన ఛానెల్ అడ్రస్‌తో పోల్చి, మనదైతే వదిలేయాలి.

రెండో ప్రయత్నంలో కిల్ పరీక్ష, తెంపి కలపడం రెండూ సాఫీగా పోయాయి. మెర్జ్ వ్యూ పడగానే పాత మెషిన్ లాగ్‌లో మాస్టర్ రూట్ ఆగిందన్న వరుస కనిపించింది. పరీక్షకుడు వరుసలు రెండుసార్లు లెక్కపెట్టుకుని తల ఊపాడు.

ఫలితం వచ్చినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న, దీనికంతటికీ బదులు క్యామెల్ 2.24లో వచ్చిన జేగ్రూప్స్ రాఫ్ట్ కాంపొనెంట్ (సభ్యుల ఓటుతో ఒక్క లీడర్‌ను ఎన్నుకునేది) వాడవచ్చు కదా అని. అందులో లీడర్ కావాలంటే మెజారిటీ ఉండాలి కాబట్టి, నా ఇంట్లో మేడ మీద ఒంటరిగా మిగిలిన కావలికి లీడర్ హోదా వచ్చేదే కాదు. తెగినప్పుడు ఇద్దరు మాస్టర్ల బెడద మొదట్లోనే తగ్గుతుంది, పాత్ర మారినప్పుడు కబురు కూడా వస్తుంది. సభ్యుల జాబితా మాత్రం ముందే రాసి పెట్టుకోవాలి. ప్రశ్నలో రెండు మెషిన్లు ఆగిపోయినా పని సాగాలని ఉందేమో ఒకటికి రెండుసార్లు చదివి చూసుకోండి. ఉంటే రాఫ్ట్ జోలికి వెళ్ళకండి: మూడింటిలో రెండు పోతే మిగిలిన ఒక్కదానికి మెజారిటీ ఉండదు, లీడర్ ఉండడు, మాస్టర్ రూట్ మొదలే కాదు.