ముట్లు ఆగిన తొమ్మిదేళ్ళకు కనిపించిన మరక

గత సంక్రాంతికి తెనాలి దగ్గరున్న మా ఊరికి వెళ్ళినప్పుడు, దండెం మీద ఆరేసిన అమ్మ లంగాకు ఉతికినా వదలని రక్తపు మరక ఉండడం గమనించాను. అమ్మకు 58 ఏళ్ళు, ముట్లు ఆగిపోయి తొమ్మిదేళ్ళయింది. అడిగితే మొదట మాట దాటవేసింది, తర్వాత రెండు నెలలుగా అప్పుడప్పుడు ఇలా కనిపిస్తున్నదని ఒప్పుకుంది. “వేడి చేసిందిలేవే, మజ్జిగ తాగుతున్నాను. అయినా ఈ వయసులో ఈ సంగతి ఎవరికి చెప్పుకోను?” అన్నది.

ముట్లు ఆగి 12 నెలలు నిండిన తర్వాత కనిపించే రక్తం, అది ఒక్క చుక్కయినా, గులాబీ రంగు చారికయినా, పరీక్ష చేయించుకోవలసిందే. చాలామందిలో దానికి కారణం ప్రమాదకరమైనది కాదు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గడం వల్ల యోనిలోని పొర, గర్భసంచి లోపలి పొర పలచబడి, ఎండినట్లయి చిట్లడమే ఎక్కువగా కనిపించే కారణం. ఆ తర్వాత పాలిప్‌లు అనే చిన్న కండ పెరుగుదలలు, లోపలి పొర మందంగా పెరగడం వంటివి ఉంటాయి. అయితే ఇలా రక్తం కనిపించిన వారిలో సుమారు పది మందిలో ఒకరికి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ బయటపడుతుంది. ఆ క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో దాదాపు 90 శాతం మందికి ఈ రక్తస్రావం కనిపిస్తుంది, పైగా తొలి దశలోనే కనిపిస్తుంది కాబట్టి వెంటనే వెళ్ళినవారికి నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. అమ్మ మజ్జిగతో గడిపిన రెండు నెలలను తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారినట్లవుతుంది.

గుంటూరులో మేము చూపించుకున్న డాక్టరమ్మ అమ్మను అడిగిన ప్రశ్నలు మొదట నాకు అసందర్భంగా తోచాయి. షుగర్ ఉందా, బరువెంత, రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా, రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ మాత్రలు వేసుకున్నారా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. అమ్మకు షుగర్ ఉంది, బరువూ ఎక్కువే. అండాశయాలు పనిచేయడం మానేసిన తర్వాత కూడా శరీరంలోని కొవ్వు ఈస్ట్రోజెన్‌ను కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుందని, దాన్ని అదుపు చేసే ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ మాత్రం ఉండదు కాబట్టి గర్భసంచి లోపలి పొర అడ్డూ ఆపూ లేకుండా పెరగవచ్చునని ఆమె వివరించిన తర్వాతే ఆ ప్రశ్నల వెనుక ఉన్న ఆలోచన అర్థమయింది.

రక్తం నిజంగా ఎక్కడి నుంచి వస్తున్నదో ముందు చూశారు, ఎందుకంటే మూత్రంలో నుంచో, మొలల నుంచో వచ్చినదాన్ని కూడా కొందరు ఇదే అనుకుంటారు. గర్భసంచి ముఖద్వారం నుంచి పాప్ స్మియర్ (కణాలను గీకి తీసి చూసే పరీక్ష) తీశారు. అది ముఖద్వారానికి సంబంధించిన పరీక్ష మాత్రమే కాబట్టి, అది మామూలుగా వచ్చినంత మాత్రాన గర్భసంచి లోపల అంతా బాగున్నట్లు కాదు. తర్వాత లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో పొర మందం 9 మిల్లీమీటర్లని తేలింది. ముట్లు ఆగిన స్త్రీలో ఆ మందం 4 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా స్వల్పం, అంతకు మించితే ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ కొలత ముట్లు వచ్చే వయసువారికి వర్తించదు, వారిలో నెల పొడుగునా పొర మందం మారుతూనే ఉంటుంది. మా పిన్ని కూతురు తన పాత రిపోర్టు తీసి చూసుకుని అనవసరంగా కంగారుపడినందువల్ల ఈ మాట రాస్తున్నాను.

“ఈ పరీక్షలన్నీ ఎందుకమ్మా, గర్భసంచి తీయించేస్తే పోదూ?” అన్నది అమ్మ. మా ఇళ్ళలో ఆ మాట కొత్తది కాదు. మా వదినకు 34వ ఏట ముట్టుకు పదేసి రోజులు రక్తం పోతుంటే, పైపైన ఒక స్కానింగ్ చేసి, “గర్భసంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సరవుతుంది” అని చెప్పి నెల తిరగకుండా ఆపరేషన్ చేసేశారు. ఆమెకు థైరాయిడ్ పరీక్ష చేయలేదు, రక్తం గడ్డకట్టే తీరు చూడలేదు, అండం సక్రమంగా విడుదలవుతున్నదో లేదో ఆలోచించలేదు, మాత్రలతోనో, ప్రొజెస్టిరాన్ విడుదల చేసే లూప్‌తోనో తగ్గుతుందేమో ప్రయత్నించలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. మన స్త్రీల గర్భసంచులకే ఇంత జబ్బు చేసిందంటే నేను నమ్మను.

డాక్టరమ్మ అమ్మ మాటకు నవ్వి, కారణం తెలియకుండా తీసేయడం సరికాదని, ఒకవేళ క్యాన్సరే అయితే ఆ ఆపరేషన్ చేసే పద్ధతే వేరుగా ఉంటుందని చెప్పారు. వారం తర్వాత మత్తు ఇచ్చి, సన్నని కెమెరా గొట్టంతో లోపల చూస్తూ ఒక పాలిప్‌ను తీసి, పొర ముక్కతో పాటు పరీక్షకు పంపారు. అమ్మ సాయంత్రానికే ఇంటికి వచ్చేసింది. రిపోర్టు రావడానికి పట్టిన తొమ్మిది రోజులూ ఇంట్లో ఎవరమూ ఆ ఊసెత్తలేదు. చివరికి క్యాన్సర్ లేదని తేలింది. మళ్ళీ ఎప్పుడైనా మరక కనిపిస్తే ఈ రిపోర్టును చూసుకుని ఊరుకోవద్దని, అప్పుడు మొదటి నుంచి మళ్ళీ చూడాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపారు.