పిస్టన్ కిందికి దించానా?

పడుకుని గంటైనా నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను. సాయంత్రం రిమోట్‌తో నడిపే నా బుల్లి ఇంజను బండిని అట్టపెట్టెలో సర్దేముందు, ఇంజనుతో పాటు తిరిగే చక్రం, అదే ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ను కిందికి దించానో లేదో ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు. బాల్కనీలోకి వెళ్లి చూస్తే తేలిపోయే విషయమే గానీ, తలుపు గడియ చప్పుడుకు ఇంట్లో అందరూ లేస్తారు. లేచినవాళ్లు ఆ ఆముదం పొగ వాసన సంగతి మళ్లీ ఎత్తుకుంటారు. కిందటి వానాకాలంలో వెనక బేరింగు తుప్పు పట్టినప్పుడు నా పరిస్థితి ఎలా ఉండేదో మీకు తెలుసు కనుక, ఇంత చిన్న విషయానికి నిద్ర పాడు చేసుకున్నందుకు మీరైనా నవ్వరని అనుకుంటున్నాను.

తప్పంతా మేనల్లుడిదేనని సాయంత్రం నుంచి అనుకుంటూ వచ్చాను. మధురవాడ వైపు ఇంకా ఇళ్లు లేని లేఅవుట్‌లో మూడో ట్యాంకు అయిపోవస్తుండగా బండి నా కాళ్ల దగ్గర నిలకడగా ఐడిల్‌లో ఆడుతోంది, రిమోట్ వాడి చేతిలో ఉంది. ఇక చాలు, ఆపేద్దాం అన్నాను. వాడు వెంటనే రిమోట్ స్విచ్ కట్టేశాడు. బ్యాటరీ బండ్లతో పెరిగిన పిల్లవాడు, స్విచ్ నొక్కితే ఏదైనా ఆగుతుందని నమ్ముతాడు. బండిలో సిగ్నల్ అందుకునే నా పాత రిసీవర్‌కు ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే థ్రాటిల్‌ను తనే మూసే ఏర్పాటు, లేదు. సిగ్నల్ పోగానే థ్రాటిల్‌ను కదిలించే చిన్న మోటారు, సర్వో, వణికి, థ్రాటిల్ తెరుచుకుని బండి చెంగున ముందుకు దూకింది. వాడు ఒక్క గెంతులో దాన్ని అందుకుని, నేను నూనె తుడుచుకునే పాత తువ్వాలును సైలెన్సర్ మూతికి అదిమిపెట్టాడు. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగింది. "ఆపేశాను మావయ్యా" అన్నాడు నవ్వుతూ. వాకింగ్‌కు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు చూస్తుండగానే, గుడ్డ కుక్కి ఇంజను ఆపుతారా అని నేను వాడిని చెడామడా తిట్టాను.

నా కోపానికి కారణం లేకపోలేదు. ఈ ఇంజనుకు ఆపే స్విచ్ ఉండదు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్‌ను 1.5 వోల్టుల బ్యాటరీతో వేడి చేసి, ఇంజను అందుకోగానే ఆ బ్యాటరీని తీసేస్తాము. తరువాత ప్లగ్‌లోని ప్లాటినం తీగ ఇంధనంలోని మిథనాల్ ఆవిరి తగిలి, మంట వేడీ తోడై తనంతట తానే ఎర్రగా కాలుతూ ఉంటుంది. కనుక ఆపాలంటే ఇంధనమైనా అందకూడదు, పొగైనా బయటికి పోకూడదు. సైలెన్సర్ నుంచి ఒక సన్నని సిలికాన్ గొట్టం ట్యాంకుకు వెళ్తుంది, ఆ పొగ ఒత్తిడే ఇంధనాన్ని కార్బురేటర్ వైపు నెడుతుంది. మూతి మూసేస్తే ఒత్తిడంతా ట్యాంకు మీద పడి, మండని ఇంధనం ఇంజను పొట్టలో నిండుతుంది. ఆ ఇంధనంలో నైట్రోమీథేన్ 20 శాతం, కొంత ఆముదం, కొంత సింథటిక్ నూనె పోగా తక్కినదంతా మిథనాలే. మిథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. విశాఖలో అది తేమ కోసం వెతుక్కోవలసిన పని లేదు. మంటలో మిగిలిన ఆమ్లపు మడ్డి కూడా తోడైతే ఉక్కు బేరింగు ఎర్రబారడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఇంజనును తిండి ఆపి నిలపాలి గాని ఊపిరి బిగించి కాదు అన్నది మా తాతయ్య పట్టింపు. గోదావరి కాలువ నీరు చివరి పొలాలకు అందని ఏళ్లలో మురుగు కాలువ గట్టున ఆయిల్ ఇంజను పెట్టి నీరు తోడేవారు. దాని హెడ్ మీద చిన్న మీట ఒకటి ఉండేది. స్టార్ట్ చేసేటప్పుడు దాన్ని ఎత్తి, లోపలి బిగువు తగ్గించి, హ్యాండిల్ తిప్పి, వేగం అందగానే వదలాలి. పాలేరు ఒకసారి బద్ధకించి ఆ మీటే ఎత్తి ఇంజను ఆపబోయాడు. నాలుగు మళ్ల అవతల కలుపు తీయిస్తున్న తాతయ్య చప్పుడులో తేడా విని, పంచె ఎగ్గట్టి గట్టు మీద పరుగున వచ్చాడు. కేకలు వేయలేదు. మీట దించి, ఇంజను మళ్లీ తేరుకునేదాకా చెయ్యి దాని మీదే ఉంచి, తరువాత డీజిలు అందించే రాడ్‌ను మెల్లగా వెనక్కి లాగాడు. డబడబమనే శబ్దం విడివిడిగా సాగి, చివరికి ఒక్క దెబ్బ దగ్గర ఆగింది. అప్పుడు పొగ గొట్టం మీద కొబ్బరి చిప్ప బోర్లించాడు. అది చూసిన నేను ఇప్పటికీ ఇంధనపు గొట్టాన్ని వేళ్లతో నొక్కే నా ఇంజను ఆపుతాను.

ఇక్కడి దాకా రాశాక ఆ పట్టింపు నా బండికి సరిగ్గా అతకదని అనిపిస్తోంది. తాతయ్య ఇంజనులో నూనె కింద సంపులో వేరుగా ఉండేది, డీజిలు ఆగినా అది ఎక్కడికీ పోదు. నా 2.5 సీసీ ఇంజనులో నూనె ఇంధనంలోనే కలిసి వస్తుంది, ఇంధనం ఆగితే నూనె కూడా ఆగుతుంది. ఐడిల్‌లో గొట్టం నొక్కితే రెండు మూడు సెకన్లే కనుక ఫరవాలేదు, లోపల మిగిలిన ఇంధనమూ కాలిపోతుంది. థ్రాటిల్ తెరుచుకుని నిమిషానికి 30,000 చుట్లవైపు ఎగబాకుతున్న ఇంజనుకు అదే పని చేస్తే కనెక్టింగ్ రాడ్ ఎండిపోయి విరిగినా ఆశ్చర్యం లేదు. అంటే ఆ క్షణంలో వాడి తువ్వాలే సరైనది. లోపల ఇంధనం నిండితే నిండింది, ప్లగ్ విప్పి, బండిని బోర్లించి, ఫ్లైవీల్ నాలుగు సార్లు తిప్పితే బయటికి వచ్చేస్తుంది. తిట్టవలసింది రిమోట్ గురించి, నేను దాని మాటే ఎత్తలేదు. ముందు ఇంజను, తరువాత రిసీవర్, చివరికి రిమోట్ ఆపాలన్న వరుసను వాడు వచ్చిన ఈ నాలుగు రోజుల్లో వాడికి ఒక్కసారైనా చెప్పిన గుర్తు లేదు.

ట్యాంకులో మిగిలినది ఒంపేయడం, ప్లగ్ రంధ్రంలో నాలుగు చుక్కలు, కార్బురేటర్‌లో నాలుగు చుక్కలు తుప్పు పట్టకుండా వేసే ఆఫ్టర్ రన్ ఆయిల్ వేసి తిప్పడం గుర్తున్నాయి. ఆ తరువాత దోమలు, చీకటి, వాడి చిన్నబోయిన ముఖం. పిస్టన్ ఆడే గొట్టం, స్లీవ్, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. వేడి మీద పిస్టన్‌ను ఆ పైకొసన వదిలేస్తే, చల్లారిన స్లీవ్ దాన్ని పట్టేస్తుంది.

ఇక ఆగలేక లేచి చూసి వచ్చాను. పిస్టన్ ఎక్కడుందో తెలిసేలా ఫ్లైవీల్ మీద మా ఆవిడ గోళ్ల రంగుతో పెట్టిన తెల్ల చుక్క సరిగ్గా పైనే ఉంది. బొటనవేలితో నెడితే కదలలేదు. పుల్ స్టార్టర్ లాగితే తాడు తెగుతుందే తప్ప పని జరగదు. గడియ చప్పుడుకు లేచింది మేనల్లుడొక్కడే. వాడు ఏమీ అడగకుండా లోపలికి వెళ్లి, వాళ్ల అత్తయ్య హెయిర్ డ్రయ్యర్ పట్టుకొచ్చాడు. ప్లగ్‌ను రెండు చుట్లు వదులు చేసి, వాడు హెడ్‌కు వేడిగాలి పడుతుంటే స్విచ్‌ల వరుస చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఐదు నిమిషాలకు స్క్రూడ్రైవర్‌తో ఫ్లైవీల్ పళ్లను మెల్లగా నెడితే టక్కుమని వదిలింది, చుక్క కిందికి దిగింది. డ్రయ్యర్ మూతికి ఆముదం వాసన అంటింది. సబ్బు గుడ్డతో రెండుసార్లు తుడిచినా పోలేదు.