చెరకు ట్రాలీకి రేడియం టేపు: నా అనుభవం

ఉయ్యూరు ఫ్యాక్టరీకి మేం చెరకు తోలేది ఎక్కువగా రాత్రిపూటే. డిసెంబరు, జనవరి నెలల్లో కాలువ గట్ల మీద మంచు దట్టంగా పడుతుంది. మా ట్రాక్టరు ట్రాలీకి వెనక లైటు లేదు. మా ఊరి కుర్రవాడొకడు ఆగి ఉన్న ట్రాలీని మోటారు సైకిలుతో గుద్దుకుని మంచాన పడ్డాక, ఈసారి ఫ్యాక్టరీలో క్రషింగు (చెరకు ఆడటం) మొదలయ్యేలోపే మా బండికి వెలుగు పడితే మెరిసే రేడియం టేపు అంటించి తీరాలనుకున్నాను.

దుకాణంలో రెండు రకాలు చూపించారు. పగటి వెలుతురులో రెండూ తళతళలాడేవే. ఫోను టార్చి కంటి పక్కనే పెట్టుకుని, నీడలో పది అడుగుల దూరం నుంచి చూశాను. ఒకటి అంతంతమాత్రం, రెండోది భగ్గున వెలిగింది. టార్చిని చేయి చాచి పక్కకు జరిపితే అదే టేపు మసకబారిపోయింది. మంచి టేపు లక్షణమే అది. అందులోని సన్నని గాజు పూసలో, పట్టకాలో వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. హెడ్‌లైటుకు దగ్గరగా ఉండే డ్రైవరు కళ్లకే అది చేరుతుంది. ఉత్త వెండిరంగు స్టిక్కరు వెలుగును అద్దంలా వేరే దిక్కుకు విసిరేస్తుంది. బండ్లకు అంటించే ఇలాంటి టేపుల నాణ్యతా ప్రమాణమైన ఏఐఎస్-090 ముద్ర ఉన్న రెండంగుళాల టేపే తీసుకున్నాను: వెనక్కి ఎరుపు, పక్కలకు పసుపు, ముందుకు తెలుపు. బండి మొత్తానికి సరిపడే చుట్టలు ఒక చేతి సంచిలో ఇమిడాయి. వైరు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

అసలు శ్రమంతా ఇనుము దగ్గరే. తుప్పును వైరు బ్రష్షుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు, రంగు వేసి బాగా ఆరనిచ్చాను. అంటించే ముందు స్పిరిటు గుడ్డతో జిడ్డు తుడిచాను. రేకు ఎండకు కాస్త వెచ్చబడ్డాక ఒక చివర నుంచి గుడ్డతో ఒత్తుకుంటూ వెళితే లోపల గాలి నిలవదు. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అంచులు లేవవు. ట్రాలీ వెనక డోరు కీలు, రివెట్లు వచ్చిన చోట టేపును తెంపి మళ్లీ మొదలుపెట్టాలి. వాటి మీదుగా లాగితే నాలుగు కుదుపులకే చిరిగిపోతుంది.

అంతా అయ్యాక మా అన్నగారి అబ్బాయి అన్నాడు: "బాబాయ్, లోడు ఎక్కాక చెరకు కొసలు వెనక్కి వేలాడతాయి. డోరు మీది టేపు ఎవరికి కనపడుతుంది?" నూటికి నూరుపాళ్లు నిజం. కింద ఛాసిస్ (అడుగు చట్రం) బద్దీకి ఇంకో ఎర్ర పట్టీ వేశాం. ఒక రేకు ముక్కకు టేపు అంటించి, లోడు కట్టే తాడుకు వెనకవైపు వేలాడదీస్తున్నాం. అన్నింటికన్నా అక్కరకొస్తున్నది ఆ రేకు ముక్కే.

రాత్రి మోటారు సైకిలు మీద వస్తూ చూస్తే ఫర్లాంగు దూరం నుంచే బండి వెడల్పు తెలిసిపోయింది. మంచులో మాత్రం అంత దూరం ఆనదు. వెలుగు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ మంచును దాటాల్సిందే కదా. అందుకే టేపు ఉన్నా బండిని రోడ్డు మార్జినులో ఆపడం లేదు. బురద పట్టిన టేపు ఉన్నా లేనట్టే కాబట్టి, లోడు బయల్దేరే ముందు తడిగుడ్డతో తుడిచే పని మా అబ్బాయికి అప్పజెప్పాను.